వేరే కంచం ఎవరికి? అణువైద్యంపై అపోహలు, వాస్తవాలు

మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో రేడియేషన్ చికిత్సను ఎవరూ ఆ పేరుతో పిలవరు. ‘కరెంటు పెట్టడం’ అంటారు. విజయవాడలో నేను న్యూక్లియర్ మెడిసిన్ (అణువైద్యం) టెక్నాలజిస్టుగా పనిచేసే చోట, ఓ రోజు స్కాన్ గది బయట బెంచీ మీద తెనాలి వైపు నుంచి వచ్చిన పెద్దావిడ కూర్చుని ఉంది. భర్తకు గొంతు క్యాన్సర్. పక్క విభాగంలో కరెంటు పెడుతున్నారు. “కంచం, గ్లాసు వేరే పెట్టాను బాబూ. మనవడిని దగ్గరికి రానియ్యట్లేదు. నేను కూడా వరండాలోనే పడుకుంటున్నా” అంది. ఇరవై రోజులుగా ఆయన ఒక్కడే గదిలో కూర్చుని తింటున్నాడట.

అపోహ: కరెంటు పెట్టించుకున్న మనిషి ఒంట్లోంచి రేడియేషన్ వస్తూ ఉంటుంది.

రాదు. ఆయనకు వాడుతున్న లీనాక్ యంత్రంలో అసలు రేడియోధార్మిక పదార్థమే లేదు. కరెంటుతో ఎలక్ట్రాన్లను పరిగెత్తించి లోహపు బిళ్లకు కొడితే ఎక్స్ కిరణాలు పుడతాయి. ఆ లెక్కన మనవాళ్ల ‘కరెంటు’ మాట మరీ తప్పేం కాదు. స్విచ్ ఆపితే కిరణం ఆగిపోతుంది. దీపం ఆర్పాక గోడల్లో వెలుతురు దాక్కోదు కదా. పాత కోబాల్ట్ యంత్రాల్లో కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక లోహం ఉండే మాట నిజమే, కానీ అది కవచం లోపలే ఉంటుంది. రోగికి తగిలేది దాని కిరణం మాత్రమే. షాక్ కొట్టదు. జుట్టు కూడా కిరణం పడినచోటే రాలుతుంది. గుండెలకు పెడితే నెత్తి బోడి కాదు.

పైగా గొంతుకు కరెంటు పెట్టినవాళ్లకు నోరంతా పూస్తుంది, మింగుడు పడదు, బరువు తగ్గిపోతారు. వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని మెత్తగా కలిపి, బతిమాలి తినిపించాలి. అలాంటి మనిషిని ఒంటరిగా వదిలేయడమే అసలు ప్రమాదం. కలిసే తినమనీ, మనవడిని ఎత్తుకోనివ్వమనీ ఆవిడకు చెప్పి పంపాను.

అపోహ: అయోడిన్ అంటే గొట్టం మాత్రేగా, మింగేసి ఇంటికి పోవచ్చు.

ఆవిడ పెట్టిన వేరే కంచం పనికొచ్చేది ఇక్కడ. థైరాయిడ్ రోగులకు రేడియోధార్మిక అయోడిన్ ఇవ్వడం 1941లోనే బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ మొదలుపెట్టారు. ఇప్పుడు మేం వాడే అయోడిన్-131 అర్ధజీవిత కాలం 8 రోజులు, అంటే ఎనిమిది రోజులకోసారి సగమవుతుంది. థైరాయిడ్ కణం అయోడిన్‌ను ఆబగా లాక్కుంటుంది, కిరణం అక్కడే కొన్ని మిల్లీమీటర్ల మేర కణాలను కాల్చేస్తుంది. దాంతోపాటు గామా కిరణాలు ఒంటి బయటికీ వస్తాయి. మందు మూత్రంలో, ఉమ్మిలో, చెమటలో కూడా ఉంటుంది. అందుకే మన దేశంలో 30 మిల్లీక్యూరీలు (రేడియోధార్మికతకు కొలత) దాటిన డోసు ఇస్తే రోగిని ప్రత్యేక గదిలో ఉంచాల్సిందే. ఆ గది మరుగుదొడ్డి నీళ్లు కూడా నేరుగా డ్రైనేజీలోకి పోవు. ట్యాంకులో నిలవ ఉండి, తీవ్రత తగ్గాకే బయటికి వెళ్తాయి. ఇంటికి పంపాక కూడా చెప్పినన్ని రోజులు పడక వేరు, కంచం వేరు, చంటిపిల్లలకీ గర్భిణులకీ దూరం.

ఇంత చెప్పి పంపిస్తే ఒకాయన గుమ్మం దాటుతూనే ఫోన్ తీసి “పెళ్లికి టైముకి వచ్చేస్తున్నా” అంటున్నాడు. కంకిపాడులో మేనకోడలి పెళ్లట. భయపడాల్సిన చోట ధైర్యం, అక్కర్లేని చోట భయం. నా ఉద్యోగంలో సగం ఈ రెండింటినీ తారుమారు చేయడమే.

అపోహ: పెట్ స్కాన్ మందు ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఉంటుంది, ఎప్పుడెళ్లినా తీస్తారు.

క్యాన్సర్ ఒంట్లో ఎక్కడుందో చూసే ఈ స్కాన్‌కు వాడేది, గ్లూకోజుకు రేడియోధార్మిక ఫ్లోరిన్-18 తగిలించిన మందు. 110 నిమిషాలకోసారి సగమైపోతుంది. మాకు హైదరాబాదు నుంచి సీసపు డబ్బాలో, కారులో వస్తుంది. తయారై మా చేతికొచ్చేసరికి అయిదు గంటలైతే 85 శాతం దారిలోనే ఆవిరి. ఇక కీసర టోల్‌గేటు దగ్గర అరగంట ఇరుక్కుంటే మిగిలిందాంట్లో ఇంకో 17 శాతం పోయినట్టే. పన్నెండింటికి రమ్మంటే మూడింటికి వచ్చి “బస్సు దొరకలేదు సార్” అంటే నేను కోప్పడేది అందుకే.

చక్కెర రూపంలో ఉన్న మందు కాబట్టి ఆరు గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తప్ప. “తినలేదు సార్, ఒక్క టీయే తాగా” అన్న మాట వారానికి నాలుగుసార్లు వింటాను. టీలో చక్కెర లేదా అయ్యా? వక్కపొడి నమిలినా దవడ కండరాలు తెరమీద వెలిగి మమ్మల్ని తికమక పెడతాయి.

అపోహ: ‘న్యూక్లియర్’ అన్నారంటే అణుబాంబు సంగతే.

ఎమ్మారై పాత పేరులో న్యూక్లియర్ అన్న మాట ఉండేది. జనం బెదురుతారని తీసేశారు. అందులో ఈ రకం రేడియేషనే లేదు. మేం రోజూ ఎముకల స్కాన్లకు వాడే టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం మాత్రం నిజంగానే రియాక్టరు సంతానం. రియాక్టరులో పుట్టిన మాలిబ్డినం ‘జనరేటరు’ అనే చిన్న డబ్బాలో మాకు వస్తుంది, అందులోనే మెల్లగా టెక్నీషియంగా మారుతుంటుంది. పొద్దున్నే దాన్నుంచి టెక్నీషియం తీయడాన్ని మా పరిభాషలో పితకడం అంటాం. ఈ టెక్నీషియం ఆరు గంటలకోసారి సగమవుతుంది. కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం కావాలా వద్దా అన్నది వేరే వాదన, ఎవరి అభిప్రాయం వాళ్లది. ఈ రెండింటినీ కలిపి స్కాన్ మానేయొద్దు. అన్నట్టు, మీకు పొడిచే సిరంజీల్లో కొన్నిటిని గామా కిరణాలతోనే శుద్ధి చేస్తారు. ట్రాంబేలో 1974 నుంచి ఆ పని జరుగుతోంది. మిర్చి పొడిలో పురుగు, బూజు పట్టకుండా అవే కిరణాలు పట్టించడానికి మన దేశంలో అనుమతి ఉంది. గుంటూరు కారం తిన్నవాడెవడూ చీకట్లో మెరవలేదు.

అపోహ: ఈ ఉద్యోగం చేసేవాళ్లకు పిల్లలు పుట్టరు.

నా పెళ్లిచూపుల్లో ఒక సంబంధం ఈ మాట మీదే తప్పిపోయింది. నా చొక్కాకు టీఎల్‌డీ బ్యాడ్జి ఉంటుంది. మూడు నెలలకోసారి పంపిస్తే ఒంటికి ఎంత తగిలిందో లెక్కకట్టి పంపుతారు. పరిమితి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు. నాకు ఇద్దరు పిల్లలు.

తెనాలి ఆవిడ మళ్లీ వచ్చింది. కరెంటు అయిపోయి మూడు నెలలైంది, జబ్బు ఏమైనా మిగిలిందేమో చూడ్డానికి పెట్ స్కాన్. ముసలాయన కాస్త ఒళ్లు చేశాడు. సూది వేసి పడుకోబెట్టి బయటికొస్తే అడిగింది: “ఇప్పుడు కూడా కలిసే తినొచ్చుగా?”

“తినండమ్మా. కానీ ఇవాళ సాయంత్రం దాకా మనవడిని మాత్రం ఆయన ఒళ్లో కూర్చోబెట్టొద్దు. నీళ్లు బాగా తాగించండి.”

“మొన్నేమో ఎత్తుకోమన్నావు, ఇవాళేమో వద్దంటున్నావు. నీ లెక్క నాకు అంతుపట్టట్లేదు బాబూ.”

మొన్నటిది దీపం, ఇవాళ్టిది మందు అన్నాను. ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసి, గోడ గడియారం వైపు తిరిగి, ఎన్నింటి తర్వాత ఎత్తుకోవచ్చో అడిగింది.