బడిపిల్లలకు డబ్బు పాఠాలు: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో కె.ఆర్.పురం వైపు ప్రభుత్వ బడుల్లో డబ్బు లెక్కలు, ఉద్యోగానికి కావలసిన మెలకువలు నేర్పే స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నాను. మా క్లాసుల్లో అనంతపురం, కడప వైపు నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన కుటుంబాల పిల్లలు చాలామంది. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు.

అపోహ: చిన్నపిల్లల ముందు డబ్బు మాటలెందుకు?

వాస్తవం: ఆ మాటలు వాళ్ల ముందు రోజూ నడుస్తూనే ఉన్నాయి. అప్పిచ్చి రోజూ కొంత వసూలు చేసుకునే డైలీ ఫైనాన్స్ అతను ఇంటి ముందు బండి ఆపితే, "అమ్మ లేదు" అని చెప్పడానికి బయటికొచ్చేది ఈ పిల్లలే.

ఎనిమిదో తరగతిలో ఆ లెక్కే బోర్డు మీద వేశాం. 10,000 అప్పు. వెయ్యి ముందే పట్టుకుని చేతికి 9,000 ఇస్తారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. "వెయ్యే కదా మిస్, నూటికి పదకొండు పడుతుంది" అంది ముందు బెంచీ అమ్మాయి. ఆ తొమ్మిది వేలు వంద రోజులూ మీ దగ్గరే ఉంటాయా అని అడిగాను. నోటుబుక్కులో రోజులు గీసుకుంటూ పోయింది. యాభయ్యో రోజుకే 5,000 వెనక్కి వెళ్లిపోయాయి. అంటే సగటున చేతిలో ఉన్నది సగం డబ్బే, అదీ మూడు నెలల పది రోజులకు. ఏడాది లెక్కకు మారిస్తే వడ్డీ 75 శాతం దాటుతుంది. ఆ పేజీ చింపి, మడిచి, జామెట్రీ బాక్సులో పెట్టుకుంది. అమ్మకు చూపిస్తానంది.

ఆ తల్లిని తప్పుపట్టడానికి కాదు ఈ లెక్క. బిడ్డకు జ్వరమొచ్చిన రాత్రి గుమ్మం దాకా వచ్చి డబ్బిచ్చేది అతనే. కానీ ఎంతకు కొంటున్నామో తెలిసి కొనాలి కదా! "రెండు రూపాయల వడ్డీ" అంటే ఏడాదికి 24 శాతమని పెద్దవాళ్లలోనూ చాలామంది ఆలోచించరు.

అపోహ: ఎకనామిక్స్ కామర్స్ తీసుకునేవాళ్లకే.

వాస్తవం: వరమహాలక్ష్మి పండగ ముందు కె.ఆర్.మార్కెట్‌లో చామంతి ధర ఎందుకు మండిపోతుందో పూలు కట్టే ఇంటి పిల్లలకు నేను చెప్పనక్కర్లేదు. వాళ్లు మరిచిపోయేది వేరే. మూర పూలకు ఖర్చు రాయమంటే పూలు, దారం, ఆటో చార్జీ రాస్తారు. అమ్మ కూర్చుని కట్టిన మూడు గంటలు ఏ కాగితం మీదా ఉండవు. నాకు అన్నిటికంటే ముఖ్యమైన పాఠం ఇదే.

అపోహ: వర్క్ రెడీనెస్ (ఉద్యోగానికి సిద్ధం చేయడం) అంటే పిల్లల్ని పనికి పంపడమే.

వాస్తవం: కాదు. 1986 బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం 14 ఏళ్ల లోపువాళ్లను పనిలో పెట్టుకోకూడదు, 18 లోపువాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. మేం నేర్పేది చెప్పిన టైముకు రావడం, అర్థంకాకపోతే అడగడం, జీతం స్లిప్పు చదవడం. పీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్, జీతంలోంచి తీసి దాచే పొదుపు) కటింగ్ అంటే కంపెనీ మింగేసిందనుకునే అన్నలు ఇళ్లల్లో ఉన్నారు. అది వాళ్ల డబ్బే, యజమాని కూడా తన వంతు వేయాలి.

అపోహ: పిల్లలు సొంతంగా బ్యాంకు ఖాతా నడపలేరు.

వాస్తవం: 10 ఏళ్లు నిండిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా తెరిచి నడుపుకోవడానికి రిజర్వ్ బ్యాంకు నిబంధనలు వీలిస్తున్నాయి. ఎంత డబ్బు వరకు నడపనివ్వాలి, ఏటీఎం కార్డు ఇవ్వాలా అన్నది బ్యాంకు ఇష్టం. బ్రాంచికి వెళ్లి అడగండి. వెళ్లేటప్పుడు పిల్లను వెంట తీసుకెళ్లండి, డిపాజిట్ స్లిప్పు తననే నింపనివ్వండి.