గొట్టం కురచైంది, నింద తూటా మీద పడింది

అమెరికా సైన్యం 2025 మే నెలలో 6.8 మి.మీ. ఎం7 రైఫిల్‌ను ప్రామాణిక ఆయుధంగా ఖరారు చేసింది. ఆ రోజుల్లోనే ఆ సైన్యపు కెప్టెన్ ఒకరు తన పరిశోధనా పత్రంలో దీన్ని తూర్పారబట్టారు. తయారీ సంస్థ సిగ్ సావర్ ఆ విమర్శలను కొట్టిపారేసింది. దశాబ్దాలుగా ఆ సైన్యం వాడుతున్న 5.56 మి.మీ. తూటాకు కాలం చెల్లిందా లేదా అన్న పాత తగవు మళ్లీ రాజుకుంది.

వియత్నాంలో ఈ 5.56 తూటా పేల్చే ఎం16 రైఫిల్ మొరాయించిన కథ అందరికీ తెలిసిందే. అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది. 1980లో బెల్జియం రూపొందించిన ఎస్‌ఎస్109 అనే 5.56 తూటాను నాటో ప్రమాణంగా తీసుకుంది. 600 మీటర్ల దూరాన 3.5 మి.మీ. ఉక్కు రేకును చీల్చాలన్నది దాని పరీక్ష. బుల్లెట్ బరువు నాలుగు గ్రాములే. దాని బలమంతా వేగంలో ఉంది. తగినంత వేగంతో తగిలితేనే అది ఒంట్లో పల్టీ కొట్టి ముక్కలవుతుంది, లేకపోతే సన్నని రంధ్రం చేసి అవతలికి పోతుంది. ఎం16కున్న 508 మి.మీ. గొట్టం (బ్యారెల్) దానికి సెకనుకు దాదాపు 940 మీటర్ల వేగమిచ్చేది.

1990లలో వాహనాల్లో, ఇరుకు గదుల్లో సులువుగా ఉంటుందని ఎం4 కార్బైన్ (పొట్టి రైఫిల్) తెచ్చారు. గొట్టం 368 మి.మీ.కు తగ్గింది. వేగమూ తగ్గింది, బుల్లెట్ ముక్కలయ్యే దూరం కుదించుకుపోయింది. అఫ్గానిస్థాన్ కొండల్లో సైనికులు ‘తగిలినా పడటం లేదు’ అని వాపోయింది ఈ కురచ గొట్టం, పాత తూటా జోడీ గురించే. 2010లో ఎం855ఏ1 అనే మెరుగుపరిచిన 5.56 తూటా వచ్చి, కురచ గొట్టంతోనూ పనిచేసి ఆ లోటును చాలావరకు పూడ్చింది. ఈ సంగతి కొత్త రైఫిల్‌ను సమర్థించేవారి నోట అరుదుగా వినిపిస్తుంది!

సైన్యం చెప్పే కారణం వేరు. కొత్తరకం కవచాలను 5.56 ఛేదించలేదని 2017లో అప్పటి అమెరికా సైన్యాధిపతి జనరల్ మార్క్ మిల్లీ సెనేట్ కమిటీకి చెప్పారు. 2022లో సిగ్ సావర్‌కు కొత్త రైఫిల్ కాంట్రాక్టు దక్కింది.

ఎం7 గొట్టం 330 మి.మీ., అంటే ఎం4 కంటే కురచ. పోయిన వేగాన్ని పీడనంతో రాబట్టారు. చదరపు అంగుళానికి 80,000 పౌండ్ల పీడనాన్ని ఇత్తడి ఒక్కటే తట్టుకోదు కనుక తూటా అడుగుభాగాన్ని ఉక్కుతో చేశారు. మూల్యం సైనికుడి భుజాన పడింది. ఏడు మ్యాగజైన్లు మోస్తే ఇదివరకు 210 తూటాలు, ఇప్పుడు 140. ఖాళీ రైఫిలే దాదాపు కిలో ఎక్కువ. ఆ సిగ్ సంస్థే ఇంకా కురచ గొట్టంతో మరో నమూనా కూడా తయారు చేసింది.

మన సైన్యమూ 5.56 ఇన్సాస్ రైఫిల్‌ను వదిలి 7.62 మి.మీ. సిగ్ 716, ఏకే-203 రైఫిళ్ల వైపు మళ్లింది. అయితే దగ్గరి పోరుకు ఎంచుకున్న కార్బైన్లు మాత్రం 5.56వే, కురచ గొట్టంవే.