"జనం ఎగబడ్డారు" అనే మాట ఎక్కడ్నుంచి వచ్చింది

2025 నవంబర్ 1న మన కాశీబుగ్గ వెంకన్న గుళ్లో తొక్కిసలాటలో 9 మంది పోయారు, ఎక్కువమంది ఆడవాళ్లే, కార్తీక ఏకాదశి అని దర్శనానికెళ్లినవాళ్లు. ఆ సాయంత్రానికే ఏ టీకొట్టు దగ్గర విన్నా ఒకటే మాట, జనం ఎగబడ్డారు, మనోళ్లకి క్రమశిక్షణ లేదు అని. నాకు ఆ మాట చాలా బాధేసింది.

ఆ ఆలోచన మనది కాదు, పాతది. 1895లో ఫ్రాన్స్‌లో గుస్తావ్ లెబాన్ అనే ఆయన రాశాడు, గుంపులో పడితే మనిషికి సొంతబుద్ధి పోద్ది, ఆవేశం అంటురోగంలా పాకేస్తది అని. 1871లో పారిస్‌లో కూలీజనం ఊరు చేతిలోకి తీసుకోడం చూసి బెదిరిన తరం ఆయనది. తర్వాత షికాగోలో పార్క్, బ్లూమర్ లాంటి సోషియాలజిస్టులు కొంచెం మెత్తబరిచారు గానీ అంటుకోడం అనే పాయింటు వదల్లేదు.

దాన్ని గట్టిగా కదిపింది చరిత్రకారులు. జార్జ్ రూడే పాత పోలీసు రికార్డులు తిరగేసి 1959లో చూపించాడు, ఫ్రెంచి విప్లవంలో రోడ్డెక్కింది దొంగలూ దిమ్మరులూ కాదు, వడ్రంగులు, చిన్న షాపులోళ్లు, రొట్టె రేటు పెరిగి కడుపు మండినోళ్లు అని. 1971లో ఇ.పి. థాంప్సన్ రాసింది ఇంకా బాగుంటది, ఇంగ్లండులో 18వ శతాబ్దంలో ధాన్యం దాచేసిన వ్యాపారి మీదకి జనం వెళ్లి, బస్తాలు దోచుకోకుండా న్యాయమైన ధరకి వాళ్లే అమ్మేసి, ఒక్కోసారి ఆ డబ్బులు తిరిగి యజమానికే ఇచ్చేవాళ్లంట. ఇందులో బుద్ధి పోయిందెక్కడ?

మన విజయనగరం సిరిమాను చూడండి. అంత పొడుగు మాను కోటకీ గుడికీ మధ్య మూడుసార్లు తిరుగుతుంటే ఇసకేస్తే రాలనంత జనం దారిస్తారు, పిల్లల్ని భుజాలకెత్తుకుంటారు, ముక్కూమొహం తెలీనోళ్లు పక్కోళ్లకి నీళ్లిస్తారు. గుంపులో కలిగే ఈ పొంగునే ఫ్రెంచి సోషియాలజిస్టు డర్కైమ్ 1912లో మతానికి మూలం అన్నాడు.

మరి చావులెందుకు? 1989లో ఇంగ్లండులో హిల్స్‌బరో ఫుట్‌బాల్ స్టేడియంలో జనం మధ్య నలిగి 97 మంది పోతే తాగిన ఫ్యాన్సుదే తప్పన్నారు, 2016లో జ్యూరీ తేల్చింది వాళ్ల తప్పు లేదని. చదరపు మీటరుకి ఆరేడుగురు దాటితే ఎవరి అడుగు వాళ్ల చేతిలో ఉండదు, నీళ్లలా అలలొస్తాయి, ముందేమైందో వెనకోళ్లకి తెలీదు, చాలామంది నిలబడే ఊపిరాడక పోతారు. కాశీబుగ్గలో కూడా ముందు ఊడింది మెట్ల దగ్గర రెయిలింగు.