పూవు కంటే ముందు నేలను చూడండి: గోదావరి తీరంలో మొక్కల్ని, జీవాల్ని గుర్తుపట్టడం

సముద్రపు ఒడ్డున నడుస్తుంటే కొత్త పూవు కనిపిస్తుంది, ఫోన్ తీసి ఫొటో కొడతాం, యాప్ ఏదో పేరు చెబుతుంది. అంతర్వేది నుంచి ఉప్పాడ దాకా ఉన్న మన తీరంలో ఈ పద్ధతి తరచూ మోసం చేస్తుంది. ఇక్కడి చాలా మొక్కలకి పూలు మరీ చిన్నవి, కొన్నిటికి ఏడాదిలో కొద్ది రోజులే ఉంటాయి, రంగునైతే అసలు నమ్మలేం. గంగరావి చెట్టునే చూడండి. పొద్దున పూవు లేత పసుపు రంగులో, లోపల ముదురు ఎర్రమచ్చతో ఉంటుంది. పొద్దువాలేసరికి అదే పూవు వాడి ఎరుపులోకి తిరుగుతుంది. పొద్దున చూసినవాళ్ళూ సాయంత్రం చూసినవాళ్ళూ కూర్చుని వాదించుకుంటే ఇద్దరిదీ నిజమే.

అందుకే నేను అందరికీ ఒకటే చెబుతాను: ముందు మీరు నిలబడ్డ నేల సంగతి తేల్చుకోండి. ఇసుకా, బురదా? పోటు నీళ్ళు అక్కడికి రోజూ వస్తాయా, అమావాస్యకీ పౌర్ణమికీ మాత్రమే వస్తాయా? ఉప్పునీటి దగ్గర ఏ మొక్క పడితే ఆ మొక్క బతకలేదు, బతికేవి కూడా తలా ఒక ఎత్తులో సర్దుకుని ఉంటాయి, కాబట్టి నేల తెలిస్తే వెతకాల్సిన పేర్లు వందల్లోంచి ఐదారుకి దిగిపోతాయి. మన తీరంలో రోజుకి రెండు పోట్లు (నీళ్ళు ఎక్కడం), రెండు పాట్లు (నీళ్ళు దిగడం), రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతూ వస్తాయి. వెళ్ళే ముందు అక్కడి చేపల వేటగాళ్ళని ఎవరినైనా అడిగితే ఈవేళ పాటు ఎప్పుడో ఠక్కున చెబుతారు. పాటు మొదలైన గంటకి బయల్దేరితే చాలా చూడొచ్చు.

ఇసుక దగ్గర పని సులువు. అలలు ఆగే గీత దాటగానే నేల మీద పాకుతూ ఊదారంగు గరాటు పూలు పూసే తీగ బాలబంద. ఆకు చివర రెండుగా చీలి ఉంటుంది, పూవు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది, గింజ నీళ్ళలో తేలి ఎక్కడెక్కడి తీరాలకో పోయి మొలుస్తుంది. దాని పక్కనే గుచ్చుకునే గడ్డి ఉంటుంది, రావణాసురుడి మీసాలంటారు. ఇందులో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. ఆడ మొక్క కంకి ముళ్ళబంతిలా పండి తెగిపోయి గాలికి ఇసుక మీద దొర్లుకుంటూ పోతుంది, పోయినచోట గింజలు రాల్చుకుంటుంది. ఈ రెండూ పట్టుకుంటేనే ఇసుక దిబ్బ కాస్త నిలబడుతుంది. ఆ వెనక మొగలి పొదలు, జిల్లేడు, నాటిన సరుగుడు తోటలు అందరికీ తెలిసినవే.

అసలు చూడాల్సింది బురద వైపు. కాకినాడ పక్కన చొల్లంగి దగ్గర మొదలయ్యే కోరింగ అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్ల పైన ఉంది, 1978లో ప్రకటించారు. మడల మధ్యలోంచి చెక్కబాట వేశారు కాబట్టి కాలికి బురద అంటకుండా చూడొచ్చు. అక్కడ అందరూ అన్నిటినీ కలిపి మడచెట్లనేస్తారు గానీ కాస్త ఆగి చూస్తే తేడాలు దొరుకుతాయి. బురదలోంచి పెన్సిళ్ళు నిలబెట్టినట్టు సన్నటి వేళ్ళు వందలకొద్దీ పైకి వచ్చి ఉంటే అది మడ. బురదలో గాలి ఉండదు కాబట్టి ఊపిరి కోసం వేరు పైకి వస్తుంది. ఇందులో తెల్లమడ, నల్లమడ అని రెండు ముఖ్యం. ఆకు కొన సూదిగా, అడుగుభాగం తెల్లగా బూడిద రంగులో ఉంటే తెల్లమడ; కొన గుండ్రంగా ఉండి పూలు కాస్త పెద్దవైతే నల్లమడ. పొడి ఎండలో ఆకు మీద వేలు పెట్టి నాలుకకి తగిలించి చూడండి, ఉప్పగా ఉంటుంది, ఎందుకంటే వేళ్ళతో పీల్చిన ఉప్పుని ఆకు మీది గ్రంథుల ద్వారా బయటికి తోసేస్తుంది. ఉప్పుపొన్న అనే చెట్టు వేరే దారి పట్టింది, అది చాలావరకు ఉప్పుని వేరు దగ్గరే ఆపేస్తుంది. దాని వేళ్ళు కాండం మీదినుంచి వంపు తిరిగి నేలలోకి దిగుతాయి. కాయ చెట్టు మీద ఉండగానే గింజ మొలిచి అడుగు దాకా పొడవు పెరిగి వేలాడుతుంది, పండాక రాలి బురదలో గుచ్చుకుంటుంది, లేదా నీళ్ళలో కొట్టుకుపోయి ఇంకోచోట నిలదొక్కుకుంటుంది.

తిల్ల అనే చెట్టుని మాత్రం తాకి చూడొద్దు. ఆకు తెంపితే తెల్లటి పాలు కారుతాయి, అవి కంట్లో పడితే చూపు కొంతకాలం పోవచ్చు. దూరం నుంచే గుర్తుపట్టొచ్చు, రాలబోయే ముందు ఆకులు ఎర్రబడతాయి.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన సంగతి. ఉప్పు ఎక్కువుండేది సముద్రానికి దగ్గరగా అని అనుకుంటాం కదా, కాదు. మడల వెనక, పోటు నెలకి కొన్నిసార్లే ఎక్కే చదును నేలల్లో ఉప్పు ఇంకా ఎక్కువ. వచ్చిన నీళ్ళు అక్కడే నిలిచి ఎండకి ఆవిరైపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది, మళ్ళీ పోటు, మళ్ళీ ఎండ. వేసవిలో ఆ నేల తెల్లగా పొరగట్టి ఉంటుంది. సముద్రంలో సగటున లీటరు నీళ్ళలో 35 గ్రాముల ఉప్పుంటే ఇక్కడి మట్టిలో నీటికి అంతకంటే ఎక్కువ పట్టి ఉంటుంది. అక్కడ బతికేవి తక్కువ: ఇలకూర, ఆకుల్లేనట్టు కనిపించే కణుపుల మొక్క సాలికార్నియా, మోకాలి ఎత్తుకి గిడసబారిన తెల్లమడ. ఇలకూర ఆకులు ఉబ్బి రసంతో ఉంటాయి, ఉప్పు ముదిరిన కొద్దీ అది ఎర్రబడుతుంది, ఎండాకాలం కొన్నిచోట్ల నేలంతా ఎర్రగా కనిపించడానికి అదే కారణం. వర్షాకాలం గోదావరికి వరద వస్తే కోడుల్లో (మడల మధ్య పారే ఉప్పునీటి పాయల్లో) నీళ్ళు తియ్యబడి కథ మారిపోతుంది. కాబట్టి అదే మొక్కని రెండు కాలాల్లో చూడాల్సిందే.

జంతువుల విషయంలోనూ ఇదే సూత్రం. ఇసుక మీద మెరుపులా పరిగెత్తి బొరియలో దూరేది ఎర్ర పీత, కళ్ళు కాడల మీద ఉంటాయి. బురద మీద ఒక డెక్క మరీ పెద్దది, రెండోది చిన్నది ఉండి ఆ పెద్దదాన్ని ఊపుతుంటే అది ఫిడ్లర్ పీతల్లో మగది, ఆడదాన్ని పిలుస్తోంది. ఆడదానికి రెండూ చిన్నవే. బొరియ చుట్టూ మట్టి గుళికలు పడి ఉంటాయి, అవి తిండి ఏరుకుని వదిలేసిన మట్టి. పక్కనే నేల మీద గెంతే చేప మడ్‌స్కిప్పర్, మొప్పల అరల్లో నీళ్ళు నింపుకుని, చర్మంతోనూ ఊపిరి తీసుకుంటూ గాలిలో గడిపేస్తుంది.

పక్షులకైతే ముక్కు చూడండి. సెప్టెంబరు తర్వాత ఉత్తరాన ఉన్న చలి దేశాల నుంచి వలస వచ్చే బురదపక్షులు రంగు తగ్గి అన్నీ గోధుమరంగులో ఉంటాయి, రంగుతో ఏమీ తేలదు. పొట్టి ముక్కువి నాలుగడుగులు పరిగెత్తి ఆగి పైపైన ఏరుకుంటాయి, పొడుగు ముక్కువి లోతుగా పొడుస్తాయి, కిందికి వంగిన పెద్ద ముక్కున్న కర్ల్యూ బొరియలోని పీతనే లాగుతుంది. టెరెక్ శాండ్‌పైపర్‌కి ముక్కు పైకి వంగి ఉంటుంది, పీతల వెంట పరిగెడుతుంది. చలికాలం కాకినాడ తీరంలోని ఇసుక మేటల మీద నారింజ ముక్కుతో, కింది దవడ పైదానికంటే పొడుగ్గా ఉన్న నల్లతెల్ల పక్షి గుంపు కనిపిస్తే అది ఇండియన్ స్కిమ్మర్, ప్రపంచంలోనే తగ్గిపోతున్న పక్షి, దయచేసి దగ్గరికి వెళ్ళి ఎగరగొట్టకండి. లకుముకి పిట్టల్లో గాల్లో ఒక్కచోటే రెక్కలాడిస్తూ నిలిచేది నలుపుతెలుపుది, తల నల్లగా మెడచుట్టూ తెల్లగా ముక్కు ఎర్రగా ఉండి మడల్లో తిరిగేది ఇంకొకటి, పొలం గట్టున కనిపించేది వేరే.

రాత్రి తిరిగే వాటిని చూడటం అరుదు, జాడలు చూడొచ్చు. బురదలో నాలుగు వేళ్ళ గుండ్రటి అడుగు, గోళ్ళ గుర్తులు లేకుండా లేదా లేశంగా ఉంటే పిల్లి జాతి. కోరింగలో అది చేపలు పట్టే నీటిపిల్లి కావచ్చు. ఐదు వేళ్ళూ పడి మధ్యలో పొర గుర్తు కూడా పడితే నీటికుక్క. నాలుగు వేళ్ళు, గోళ్ళు స్పష్టంగా ఉంటే నక్క, లేదా ఊరకుక్క. నక్కదైతే అడుగు కాస్త సన్నగా ఉంటుంది గానీ ఈ రెంటినీ వేరుచేయడం అనుభవం ఉన్నవాళ్ళకీ కష్టమే. జనవరి నుంచి మార్చి దాకా పొద్దున్నే ఇసుక మీద అలల నుంచి దిబ్బ వైపు పోయి మళ్ళీ తిరిగి వచ్చిన వెడల్పాటి చార కనిపిస్తే ఆలివ్ రిడ్లే తాబేలు గుడ్లు పెట్టి వెళ్ళి ఉండొచ్చు. కుడి ఎడమ పాదాల గుర్తులు ఎదురెదురుగా కాకుండా ఒకటి విడిచి ఒకటి పడితే మన తీరంలో అది చాలావరకు రిడ్లేదే. గుడ్లు వందకి అటూఇటూ ఉంటాయి, పిల్లలు బయటికి రావడానికి ఇంచుమించు 45 నుంచి 60 రోజులు పడుతుంది, ఆడా మగా అన్నది ఇసుక వేడి తేలుస్తుంది. అక్కడ తవ్వకండి, చార మీద నడవకండి, అటవీశాఖ వాళ్ళకి ఫోన్ చేసి చోటు చెప్పండి. రాత్రి వెళ్ళేవాళ్ళు టార్చ్ ఆర్పేయాలి, ఎందుకంటే పుట్టిన పిల్లలు వెలుతురు ఉన్న దిక్కుకే పాకుతాయి, ఆ దిక్కు సముద్రం కావాలి.