అల్యూమినియం, పిల్లల ఎలర్జీలు: అపోహలు - వాస్తవాలు

కంఠసర్పి, కోరింత దగ్గు సహా ఐదు జబ్బులను అడ్డుకునే పెంటావాలెంట్ టీకా సీసాను కాసేపు కదపకుండా ఉంచితే అడుగున తెల్లని మడ్డి పేరుకుని, పైన నీరు తేటగా నిలుస్తుంది. మా నర్సు దాన్ని బాగా ఊపి, పాలలా కలిసిన తరువాతే సిరంజిలోకి తీస్తుంది. ఆ తెల్లని మడ్డి అల్యూమినియం లవణం. కంఠసర్పి టీకా పటికతో కలిసినప్పుడు మరింత బలంగా పనిచేస్తుందని 1926లో గ్లెన్నీ అనే శాస్త్రవేత్త బృందం చూపినప్పటి నుంచి ఈ లవణాలు టీకాలలో ఉంటున్నాయి. పిల్లల వైద్యుడిగా నన్ను తల్లిదండ్రులు అడిగే ప్రశ్నల్లో ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తున్నది, ఈ అల్యూమినియం వల్ల పిల్లలకు ఎలర్జీలు వస్తాయా అన్నదే. ఆ భయం అర్థం లేనిది కాదు కనుక, విడమరచి సమాధానం చెప్పవలసిన బాధ్యత మాపై ఉంది.

అపోహ: అన్ని టీకాలలోనూ అల్యూమినియం ఉంటుంది.

ఉండదు. బీసీజీ, పోలియో చుక్కలు, రోటావైరస్, తట్టు-రుబెల్లా టీకాలలో అల్యూమినియం లేదు. ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే పెంటావాలెంట్‌లోనూ, న్యుమోకోకల్ టీకాలోనూ ఉంటుంది.

అపోహ: తల్లిపాలలోనూ అల్యూమినియం ఉంది కాబట్టి టీకాలోని దాని గురించి ఆలోచించనక్కరలేదు.

ఇది టీకాలను సమర్థించేవారు తరచుగా చెప్పే మాటే అయినా, సగమే నిజమని నా అభిప్రాయం. భూమి పైపొరలో సుమారు 8 శాతం అల్యూమినియమే కాబట్టి నీటిలో, పాలలో, పప్పులో, టీలో అది కొద్దిగా ఉండనే ఉంటుంది. అయితే తిన్నదానిలో నూటికి ఒక వంతు కూడా రక్తంలోకి చేరదు. కండరంలోకి వేసినది మాత్రం నెమ్మదిగానైనా దాదాపు అంతా రక్తంలోకి చేరి, మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. రెండు మోతాదులను పక్కపక్కన పెట్టి పోల్చడం కన్నా, టీకాలు వేయించుకున్న పిల్లలకు నిజంగా ఏమైందో చూడటమే సరైన పద్ధతి.

అపోహ: టీకాల్లోని అల్యూమినియం వల్లే పిల్లలకు ఉబ్బసం, ఆహార ఎలర్జీలు వస్తున్నాయి.

ఈ అనుమానం ప్రయోగశాలలో పుట్టింది. ఎలుకలకు ఉబ్బసం తెప్పించి పరిశోధించేవారు గుడ్డులోని తెల్లసొన ప్రోటీనును అల్యూమినియం లవణంతో కలిపి వాటి పొట్టలోకి ఎక్కిస్తారు, తరువాత అదే ప్రోటీనును ముక్కు ద్వారా పీల్పిస్తారు. అయితే అక్కడ ఎలర్జీ ఏర్పడేది లవణంతో పాటు ఎక్కించిన ప్రోటీనుకు. మనం పిల్లలకు గుడ్డునో వేరుశనగనో అల్యూమినియంతో కలిపి సూదిగా వేయడం లేదు.

మనుషులలో జరిగిన పరిశీలనలలో రెండింటిని చెప్పాలి. 2022లో అమెరికాలో 3,26,991 మంది పిల్లల వివరాలను పరిశీలించినప్పుడు, రెండేళ్లలోపు టీకాల ద్వారా చేరిన ప్రతి మిల్లీగ్రాము అల్యూమినియానికీ ఉబ్బసం ప్రమాదం సుమారు ఐదో వంతు, ఎగ్జిమా (చర్మం దురదపెట్టే జబ్బు) ఉన్న పిల్లల్లో నాలుగో వంతు ఎక్కువగా కనిపించింది. ఆహారం ద్వారా ఎంత చేరిందో అందులో లెక్కించలేదు. టీకాల భద్రతను సందేహించేందుకు ఇది బలమైన ఆధారం కాదని దాని రచయితలే రాశారు. అయినా ఆ ఫలితాన్ని దాచడం తప్పు, దాన్ని మళ్లీ పరీక్షించడమే ఒప్పు. 2025లో డెన్మార్క్‌లో 1997 నుంచి 2018 వరకు పుట్టిన 12 లక్షలకు పైగా పిల్లలను అలాగే పరిశీలించి, ఉబ్బసంతో సహా యాభై దీర్ఘకాలిక సమస్యలను లెక్కించారు. మిల్లీగ్రాము పెరిగినకొద్దీ ఎలర్జీ వ్యాధులు పెరిగిన జాడ కనిపించలేదు. మరోవైపు కోరింత దగ్గు మూడు నెలల పసికందుకు ఊపిరి ఆడనివ్వదు; అది అనుమానం కాదు, కళ్లారా చూసేది. అందుకే ఉబ్బసం ఉన్న కుటుంబంలోని బిడ్డకైనా ఈ టీకాలు సమయానికే వేయమంటాను.

అపోహ: సిల్వర్ (అల్యూమినియం) గిన్నెల్లో వండితే పిల్లలకు ఎలర్జీలు వస్తాయి.

చింతపండు పులుసు, టమాటా చారు వంటి పుల్లని పదార్థాలు ఆ గిన్నెల్లో ఎక్కువసేపు మరిగినా, రాత్రంతా నిలవ ఉన్నా లోహం కొంత కరిగి కలుస్తుంది. దానివల్ల ఉబ్బసమో దద్దుర్లో వస్తాయనేందుకు ఆధారం లేదు. ఆహారం ద్వారా వారానికి కిలో బరువుకు 2 మిల్లీగ్రాములు మించకూడదని అంతర్జాతీయ నిపుణుల సంఘం 2011లో నిర్ణయించింది కనుక, పులుసును స్టీలు గిన్నెలో కాచుకోవడం మంచిదే. నన్ను ఇంతకన్నా కలవరపెట్టేది సీసం. మన దేశం నుంచి వెళ్లిన కొన్ని అల్యూమినియం పాత్రల నుంచి సీసం ఆహారంలోకి దిగుతున్నదని 2025లో అమెరికా ఔషధ, ఆహార నియంత్రణ సంస్థ హెచ్చరించింది. పిల్లల మెదడుకు సీసం చేసే హాని గురించి వాదనకు తావులేదు.

అపోహ: అల్యూమినియానికి ఎలర్జీ అనేదే ఉండదు.

దీన్ని నమ్మేవారిలో వైద్యులూ ఉన్నారు. ఒక తల్లి, “డాక్టరుగారూ, జలుబు చేసినప్పుడల్లా వీడు తొడ గోక్కుంటున్నాడండీ” అంటూ రెండేళ్ల బాబును తీసుకొచ్చింది. తొడ ముందు భాగాన చర్మం కింద బఠాణీ గింజంత గట్టి గడ్డ ఉంది. పైచర్మం కాస్త నల్లబడి, గీరుకుని గీరుకుని గరుకెక్కింది. టీకా వేసి నెలలు దాటింది. అంతకు ముందు చూపించిన చోట దాన్ని కోసి తీసేయాలన్నారట.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 1990ల నాటి కోరింత దగ్గు టీకా ప్రయోగాల్లో సుమారు 76,000 మంది పిల్లలలో 645 మందికి ఇటువంటి దురద గడ్డలు వచ్చాయి. అనుమానం ఉన్న పదార్థాన్ని చర్మంపై అంటించి చూసే ప్యాచ్ టెస్టు చేసినవారిలో నాలుగింట మూడొంతుల మందికి అల్యూమినియం ఎలర్జీ తేలింది. ఇది ఆయాసం తెచ్చే ఎలర్జీ కాదు, వేరుశనగ తిన్న నిమిషాల్లో ముఖం వాచే ఎలర్జీ కాదు. గిల్టు నగ తగిలిన చోట చర్మం దురదపెట్టే తరహాది. అన్నిటికీ ఎలర్జీ అనే ఒకే మాట వాడటం వల్లే ఇంత గందరగోళం. కొన్నేళ్ల తరువాత మళ్లీ పరీక్షిస్తే వారిలో ఎక్కువ మందికి ఆ ఎలర్జీ పోయింది కూడా.

ఇటువంటి గడ్డను సాధారణంగా కోయనక్కరలేదు, మిగిలిన టీకాలూ ఆపకూడదు. సూది చర్మం కిందనే ఆగిపోకుండా కండరంలోకి లోతుగా దిగాలి. ప్యాచ్ టెస్టుకు వాడే చిన్న గుండ్రని బిళ్లలు చాలాచోట్ల అల్యూమినియంతోనే తయారవుతాయి కాబట్టి, ప్లాస్టిక్ బిళ్లలు వాడమని చర్మ వైద్యుణ్ణి అడగాలి. దురద ఉన్నన్నాళ్లూ అల్యూమినియం కలిసిన టూత్‌పేస్టు, సన్‌స్క్రీన్, చెమట తగ్గించే స్ప్రేలు ఆ బిడ్డకు వాడకపోతే చాలు.