చందవరం పలక: కాన్‌బెర్రా దాకా వెళ్లిన మన రాయి

ఒంగోలు నుంచో దర్శి నుంచో ఆస్ట్రేలియాలోని పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలకు ఆ ద్వీపఖండం రాజధాని కాన్‌బెర్రాలో తప్పకుండా చూపించేవి కొన్ని ఉన్నాయి. 1941లో తెరిచిన వార్ మెమోరియల్, 1988 దాకా పార్లమెంటు నడిచి ఇప్పుడు మ్యూజియంగా మారిన పాత భవనం, చెరువు ఒడ్డున నేషనల్ గ్యాలరీ. ఆ గ్యాలరీ దగ్గర పదకొండేళ్లు మన ప్రకాశం జిల్లా దొనకొండ మండలం చందవరం రాయి ఉంది. బుద్ధుణ్ని కొలిచే భక్తుల్ని చెక్కిన సున్నపురాయి పలక, మూడో శతాబ్దపు పని. 2005లో న్యూయార్క్ డీలర్‌కు 5,95,000 అమెరికన్ డాలర్లు పోసి కొన్నారు.

దొంగ సొత్తని తేలి 2016లో దేశానికి తిరిగొచ్చిన ఆ పలక చందవరంలో ఉండాలా, పెద్ద ఊరి మ్యూజియంలోనా అన్న మాట మళ్లీ లేచింది.

గుండ్లకమ్మ ఒడ్డున చందవరం స్తూపం ఉన్న సింగరకొండ (అద్దంకి దగ్గరి నరసింహస్వామి కొండ కాదు), 1964లో పురావస్తు శాస్త్రవేత్త వి.వి. కృష్ణశాస్త్రి ఆ బౌద్ధ స్తూపాన్ని గుర్తించడం, 1970లలో తవ్వకాలు జిల్లాలో చాలామందికి తెలిసినవే. ఊరికి ఇవ్వకూడదనేవాళ్లు ఎత్తి చూపేది 2001 నాటి దొంగతనాలను. అక్కడి మ్యూజియంలో దొంగలు పడ్డారు, మళ్లీ పడరని నమ్మకమేంటి అంటారు. ఆ భయం ఉత్తిది కాదు.

కానీ ఈ కథ మలుపు తిరిగింది ఒక ఫొటో దగ్గర. పలక ఇండియాలో ఉండగా తీసిన ఫొటో 2016లో బయటికొచ్చింది. రాయికి అంచు విరిగిన తీరు, పెచ్చు లేచిన చోటు మనిషికి వేలిముద్రల్లాంటివి. రెండు రాళ్లకు ఒకేలా ఉండవు. ఫొటోనూ పలకనూ పక్కపక్కన పెట్టి చూశాక ఇక వాదించడానికి ఏమీ మిగలదు. ఆ సెప్టెంబరులో కాన్‌బెర్రాలోనే అప్పటి మన కేంద్ర సాంస్కృతిక మంత్రి మహేశ్ శర్మకు పలకను అప్పగించారు. అమ్మిన న్యాన్సీ వీనర్ 2021లో న్యూయార్క్ కోర్టులో దొంగ సొత్తు కేసులో నేరం ఒప్పుకుంది.

అంటే, కెమెరాలూ గార్డులూ దండిగా ఉన్న గ్యాలరీ కూడా డీలర్ కాగితాల్ని నమ్మి మోసపోయింది. అలాంటప్పుడు భద్రత లేదన్న మాట చందవరానికి ఒక్కదానికే అంటగట్టడం ఏం న్యాయం? పలకను కాపాడింది తాళం కాదు, ఎవరో ఓపిగ్గా తీసి దాచిన ఫొటో. ముందు కొండ దగ్గర మిగిలిన ప్రతి ముక్కకూ అలా ఫొటో తీయాలి, కొలతలు రాయాలి, నంబరు వేయాలి. ఆ పని పూర్తి చేసి, మ్యూజియానికి గట్టి గది కట్టి, రాత్రీపగలూ కాపలా పెట్టి పలకను అక్కడికే తేవాలి. దొనకొండ స్టేషన్లో రైలు దిగి ఆ కొండెక్కే బడిపిల్లలు తమ ఊరి రాయిని అక్కడే చూడాలి.