తెల్ల సిమెంట్ పంటిని ఎలా పట్టుకుంటుంది

పిప్పి పన్నుకు తెల్ల సిమెంట్ పెట్టించుకున్న వారిలో కొందరికి అది పదేళ్లకు పైగా నిలుస్తుంది, మరికొందరికి రెండేళ్లు తిరగకముందే అంచు వెంట నల్లని గీత పడి ఊడిపోతుంది. ఈ తేడాకు కారణాన్ని మనం కంపెనీ పేరులోనో, తీసుకున్న రుసుములోనో వెతుకుతాం. చాలా సందర్భాల్లో అసలు కారణం ఆ పదార్థం గట్టిపడే తీరులోనూ, అది గట్టిపడే కొద్ది నిమిషాల్లో పన్ను ఎంత పొడిగా ఉందన్న దానిలోనూ ఉంటుంది.

ఈ పదార్థాన్ని వైద్యులు రెజిన్ కాంపోజిట్ అంటారు. పేరుకు తగ్గట్టే అందులో ఒక జిగురు, ఆ జిగురులో మెత్తని గాజు పొడి కలిసి ఉంటాయి. అంతకుముందు వాడిన యాక్రిలిక్ అనే ప్లాస్టిక్ గట్టిపడేటప్పుడు బాగా కుంచించుకుపోయి పన్నుకూ తనకూ మధ్య సందు మిగిల్చేది. అమెరికాకు చెందిన రాఫెల్ బోవెన్ 1962లో పేటెంట్ పొందిన బిస్-జీఎంఏ అనే పెద్ద అణువు ఆ ఇబ్బందిని చాలావరకు తగ్గించింది. అణువు పెద్దదైతే అంతే పరిమాణంలో ఏర్పడవలసిన బంధాల సంఖ్య తగ్గుతుంది, కుంచింపూ తగ్గుతుంది. అయితే బిస్-జీఎంఏ తేనె కన్నా చిక్కగా ఉండి గాజు పొడిని తగినంత కలుపుకోదు కాబట్టి దాన్ని పలుచన చేయడానికి టెగ్డిమా వంటి చిన్న అణువులను చేర్చక తప్పదు, అవి మళ్లీ కుంచింపును పెంచుతాయి. ఆరు దశాబ్దాల కాంపోజిట్ పరిశోధనలో చాలా భాగం ఈ పేచీ చుట్టూనే తిరిగింది.

గాజు పొడి కుంచించుకుపోదు కనుక అది ఎంత ఎక్కువగా ఉంటే అంత మేలు. నేటి కాంపోజిట్లలో చాలావాటి బరువులో 70 నుంచి 80 శాతం వరకు ఈ పొడిదే. గాజుకూ జిగురుకూ సహజంగా పొత్తు కుదరదు. ప్రతి రేణువుకూ సిలేన్ అనే పూత పూస్తేనే రెండూ రసాయనికంగా ముడిపడతాయి. తొలినాళ్లలో పొడిగా క్వార్ట్జ్ వాడారు. కరీంనగర్ గ్రానైట్‌లో మెరిసే ఖనిజాల్లో అదీ ఒకటి. దాన్ని నునుపు చేయడం కష్టం, పైగా అది ఎక్స్‌రేలో సరిగా కనిపించక, నింపిన చోటు పుచ్చులాగే నల్లగా పడేది. బేరియం, స్ట్రాన్షియం కలిసిన గాజులు రావడంతో ఆ చిక్కు తీరింది.

కాంపోజిట్‌ను గట్టిపరచడానికి వైద్యుడు దానిపై పట్టే నీలి దీపం వెలగగానే పని మొదలుపెట్టేది క్యాంఫర్‌క్వినోన్. పసుపు రంగులో ఉండే ఈ పదార్థం 468 నానోమీటర్ల దగ్గర కాంతిని ఎక్కువగా పీల్చుకుని, పక్కనే ఉన్న అమీన్ అనే మరో రసాయనం సాయంతో బంధాల గొలుసును ప్రారంభిస్తుంది. కాంతి లోతుకు పోయే కొద్దీ బలహీనపడుతుంది కాబట్టి మామూలు కాంపోజిట్‌ను సుమారు 2 మిల్లీమీటర్ల పొరలుగా వేసి, ఒక్కో పొరనూ విడిగా గట్టిపరచాలి. దీపం మొనకు పాత జిగురు అంటుకుని ఉన్నా, మొనను దూరంగా పట్టినా అడుగుపొర మెత్తగానే మిగిలిపోవచ్చు, పైపొర మాత్రం గట్టిగానే తగులుతుంది. రోగికి గానీ వైద్యుడికి గానీ అది పైకి తెలియదు. వరంగల్ ఎండాకాలంలో కాంపోజిట్ నింపి ఉన్న గొట్టాలను చల్లని చోట ఉంచడం కూడా వైద్యంలో భాగమే, ఎందుకంటే వేడికి ఆ పదార్థం గుణం మారుతుంది.

ఇంత జాగ్రత్త పడినా గట్టిపడేటప్పుడు పరిమాణం 2, 3 శాతం తగ్గుతుంది. అంకె చిన్నదే, కానీ అది జరిగే చోటును చూడాలి. నమిలే పన్ను మధ్యలో చేసిన గుంత మూతలేని పెట్టె వంటిది: అడుగు, నాలుగు గోడలు కలిపి అయిదు వైపులా జిగురు అతుక్కుని ఉంటుంది, స్వేచ్ఛగా కదలగలిగేది పైముఖం ఒక్కటే. కుంచించుకునే పదార్థం ఆ గోడలను లోపలికి లాగుతుంది. అతుకు బలహీనంగా ఉంటే అది విడిపోయి సన్నని సందు పడుతుంది; అతుకు బలంగా ఉండి గోడ పలుచగా ఉంటే పంటి గోడే వంగుతుంది. సిమెంట్ పెట్టించుకున్నాక కొరికినప్పుడు కొందరికి జివ్వుమనడానికి ఇదొక కారణం. పొరలను ఏటవాలుగా, ఒక్కో పొర తక్కువ గోడలను తాకేలా వేసే ఓపిక గల వైద్యుడు ఎక్కువ సమయం తీసుకుంటే దాన్ని ఆలస్యంగా చూడకూడదు.

ఇక అతుకు సంగతి. 1955లో మైఖేల్ బ్యూనోకోర్ అనే దంతవైద్యుడు ఫాస్ఫారిక్ ఆమ్లంతో ఎనామెల్‌ను, అంటే పంటి పైనుండే గట్టి పొరను, గరుకు చేస్తే రెజిన్ బలంగా పట్టుకుంటుందని చూపాడు. ఇప్పుడు సాధారణంగా 37 శాతం ఆమ్లాన్ని కొన్ని సెకన్లు ఉంచి కడిగేస్తారు. ఎనామెల్‌లో కంటికి కనిపించని గుంటలు పడి, వాటిలోకి జిగురు దిగి గడ్డకడుతుంది. ఎనామెల్ బరువులో 96 శాతం ఖనిజమే కాబట్టి ఇది సులువు. దాని కిందనున్న డెంటిన్‌లో నీరూ కొల్లాజెన్ పోగులూ ఉండటం వల్ల అక్కడి అతుకు అంత నమ్మకమైనది కాదు, కాలం గడిచే కొద్దీ అది క్షీణిస్తుంది కూడా. ఆమ్లంతో గరుకు చేసిన ఉపరితలానికి ఒక్కసారి లాలాజలం తగిలితే ఆ గుంటలు పూడిపోతాయి. లాలాజలం తగలకుండా పన్ను చుట్టూ రబ్బరు తెర కట్టడం ఇందుకే.

మన ప్రాంతానికి మరో చిక్కుంది. ఫ్లోరైడ్ బాధ నల్లగొండకే పరిమితం కాదు, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల్లోని కొన్ని ఊళ్ల బోరు నీళ్లలోనూ అది ఎక్కువే. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లల సంగతి వేరు. చిన్నతనంలో ఆ బోరు నీళ్లు తాగి పెరిగిన వారి ఎనామెల్ మళ్లీ కొత్తగా ఏర్పడదు. అటువంటి ఎనామెల్ పైపొర ఆమ్లానికి తొందరగా లొంగదు, దాని కింద మాత్రం గుల్లగా ఉంటుంది. పైపొరను కొద్దిగా అరగదీయడమో, ఆమ్లాన్ని ఇంకొంతసేపు ఉంచడమో చేయకపోతే అతుకు పైపైనే మిగులుతుంది.

నొప్పి భరించలేని దశలోనే దవాఖానకు వచ్చే పల్లెవాసుల్లో గుంత తరచుగా చిగురు కిందికి దిగి ఉంటుంది. అక్కడ ఎనామెల్ ఉండదు, తడి ఆగదు. అలాంటి చోట తెల్లగా, అందంగా ఉంటుందని కాంపోజిట్‌నే కోరడం సరికాదని నా అభిప్రాయం. తడిని కొంత ఓర్చుకుని, డెంటిన్‌ను రసాయనికంగా పట్టుకుని, ఫ్లోరైడ్‌ను విడుదల చేసే గ్లాస్ అయానమర్ అనే మరో రకం సిమెంట్ అంత దృఢం కాకపోయినా అక్కడ మేలు. కదలకుండా నోరు తెరిచి కూర్చోలేని పసిపిల్లల పాలపళ్ల విషయంలోనూ అంతే.

కాంపోజిట్‌కు ఉన్న ఒక గుణం మాత్రం మన వారికి తగినంతగా తెలియదు. అంచు చెదిరినప్పుడు లోపల పుచ్చు లేకపోతే దాన్ని మొత్తం తవ్వి తీయనవసరం లేదు. పాత ఉపరితలాన్ని గరుకు చేసి, సిలేన్, జిగురు పూసి కొత్త కాంపోజిట్‌ను దానిపైనే అతికించవచ్చు. మొత్తం తీసి మళ్లీ నింపిన ప్రతిసారీ కొంత మంచి పన్ను కూడా పోతుంది, మరమ్మతు చేసినప్పుడు అది మిగులుతుంది.